గుంజలుగా నిలబడ్డవాళ్ళు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై రెండో ఏట. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. ఒక పేజీ నిండేసరికి రెండు పూటలు గడిచిపోతాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఇదంతా ఎలా మొదలైందండీ" అని అడుగుతారు. చెప్పీ చెప్పీ ఒక్కోసారి ఒక్కోలా చెబుతున్నానని మా వదిన దెప్పుతోంది. అందుకని ఒకసారి కుదురుగా రాసి, దుకాణంలో బల్ల మీద పెడుతున్నాను. ఇందులో చక్రమ్మ అంటే నేనే. నేను, నేను అని రాస్తుంటే గొప్పలు పోతున్నట్టు ఉంది. పక్కింటామె సంగతి చెప్పినట్టు చెబుతాను.

రోడ్డు పక్కన, పొలాల మధ్య, తాళ్ళు పేనే శాల ఒకటి ఉంది. వెడల్పు చూస్తే నాలుగు మంచాలు పక్కపక్కన వేస్తే నిండిపోతుంది. పొడవు చూస్తే మాత్రం, ఈ చివర నిలబడి అన్నానికి పిలిస్తే ఆ చివరి మనిషికి సగం మాటే చేరుతుంది. మిగతా సగం ఆయన ఆకలే ఆయనకు చెప్పుకోవాలి. కొత్తగా ఆ దారిన పోయేవాళ్ళు, ఎవరో రైలుపెట్టెలు పొలంలో వదిలేసి పోయారనుకునేవాళ్ళు.

చక్రమ్మ ఆ ఇంటికి పద్దెనిమిదో ఏట కోడలుగా వచ్చింది. వచ్చిన మూడో రోజున అత్తగారు ఆమెను చక్రం దగ్గర నిలబెట్టి, "ఇదిగోనే, ఇది నీ చోటు" అంది. ఆ చోటు ముప్ఫై ఏళ్ళపాటు మారలేదు.

తాడు పేనడం చూడనివాళ్ళ కోసం చెబుతాను. దువ్విన నారను మొగుడు నడుముకు చుట్టుకుంటాడు. అందులోంచి ఒక కొస లాగి చక్రం ముందున్న కొక్కేనికి తగిలిస్తాడు. పెళ్ళాం చక్రం తిప్పితే కొక్కెం తిరుగుతుంది, నార పురెక్కుతుంది. ఆయన వేళ్ళ సందున కొద్దికొద్దిగా నార వదులుతూ, వెనక్కి నడుచుకుంటూ పోతాడు. దారం సాగుతూ ఉంటుంది. అది నేలకు తగలకుండా దారి పొడవునా గుంజలు పాతి ఉంటాయి. ఒక్కో గుంజ తల దగ్గర రెండు పంగలు. ఆయన పక్కకు చూడకుండానే దారాన్ని ఎత్తి పంగలో పడేసి, మళ్ళీ వెనక్కి అడుగేస్తాడు. ఇలాంటి దారాలు కొన్ని కలిపి పురి పెడితే ఒక పేట, మూడు పేటలు కలిపి మెలేస్తే ఒక తాడు.

ఈ పనిలో ఒక తమాషా ఉంది. మొదలుపెట్టేటప్పుడు ఆయన మొహం చేతికి అందేంత దగ్గర ఉంటుంది. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోయి పోయి, చివరికి బొటనవేలంత అవుతాడు. మొగుడూ పెళ్ళాలు పొద్దుగూకే దాకా ఎదురెదురుగానే ఉంటారు, మాట్లాడుకునే వీలు మాత్రం ఉండదు. యాభై అడుగులకు ఒకసారి ఆయన "యాభై", "వంద" అని కేకేస్తాడు. ఆ ఇంట్లో సంసారం ముచ్చట్లంటే చాలావరకు అవే.

ఊళ్ళోవాళ్ళు ఆయన్ని వెనకడుగు మామ అనేవాళ్ళు. మనిషి నిచ్చెనలా పొడుగు. చక్రమ్మ పక్కన నిలబడితే నిచ్చెన పక్కన పీట వేసినట్టుండేది. ఇద్దరికీ పిల్లలు లేరు. మూడో మనిషి ఆయన అక్క. అందరూ దువ్వెనక్క అంటారు. ఇనుప ముళ్ళు బిగించిన పీట ముందు కూర్చుని నార దువ్వడం ఆవిడ పని. చేతులు నారను దువ్వుతుంటే నోరు మనుషుల్ని దువ్వుతూ ఉంటుంది.

ప్లాస్టిక్ తాళ్ళు వచ్చాక పని పలచబడింది. బావులకూ పశువులకూ పొట్టి తాళ్ళే అడిగేవాళ్ళు. చక్రమ్మకు పని తగ్గిందన్న దిగులుకన్నా, వచ్చే మనుషులు తగ్గారన్న దిగులే ఎక్కువ. కొన్ని రోజులు "యాభై", "వంద" తప్ప వేరే మాట చెవిన పడకుండానే పొద్దు గుంకేది.

అలా ఉండగా, వానాకాలం మధ్యలో ఒక పొద్దున, జలపాతం చూడడానికి బడిపిల్లల్ని తీసుకెళ్తున్న బస్సు ఒకటి శాల ముందు రోడ్డు దిగి బురదలో కూరుకుపోయింది. డ్రైవరు లాగుచొక్కా నిండా బురదతో గుమ్మంలోకి వచ్చి, "పిన్నిగారూ, మీ దగ్గర తాడేమైనా ఉంటుందా?" అన్నాడు.

చక్రమ్మ వెనక్కి తిరిగి ఆ పొడవాటి శాలను చూసింది. గోడల నిండా తాళ్ళు, దూలాల నిండా తాళ్ళు.

దువ్వెనక్క లోపల్నుంచి, "వెతికి చూడవే, ఎక్కడైనా ఒక ముక్క దొరుకుతుందేమో" అంది.

ఆయన వచ్చాడు. "ఎంత బరువు లాగాలి?"

"బస్సండీ."

"బస్సని తెలుస్తోంది. బరువెంత?"

డ్రైవరుకు తెలియలేదు. ఆయన బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికెళ్ళి మణికట్టంత మోకు ఒకటి భుజాన వేసుకొచ్చాడు. నలభై మంది పిల్లలు, వాళ్ళ టీచరమ్మ, డ్రైవరు, చక్రమ్మ కలిసి పట్టుకుని లాగారు. మూడో ఊపుకు బస్సు పైకొచ్చింది. పిల్లలు సగం మంది బురదలో వెల్లకిలా పడ్డారు. అందరూ బస్సును చూస్తుంటే ఆయన మాత్రం వంగి మోకును చూస్తున్నాడు. చివరి దాకా తడిమి చూసి, "ఒక్క పోగు లేవలేదు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు కనబడింది.

కాళ్ళు కడుక్కోవడానికి పిల్లలు లోపలికొచ్చారు. ఒక పిల్ల చక్రం పిడి పట్టుకుని, "ఇది తిప్పితే ఏమవుతుంది?" అంది.

"తిప్పి చూడు, నీకే తెలుస్తుంది" అంది చక్రమ్మ.

మధ్యాహ్నానికి ప్రతి పిల్ల చేతిలోనూ, పిల్లవాడి చేతిలోనూ తాము పేనుకున్న తాడుముక్క ఒకటి ఉంది. గంతులేస్తున్నారు, ఒకరినొకరు గుర్రాల్లా తోలుకుంటున్నారు. డ్రైవరు హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు. టీచరమ్మ బెంచీ మీద కూలబడి, "జలపాతం ఎక్కడికీ పారిపోదులెండి, ఇంకో రోజు చూస్తాం" అంది.

ఆ సాయంత్రం చక్రమ్మకు గొంతు నొప్పి పుట్టింది. జలుబేమో అనుకుంది. తర్వాత తెలిసింది, అంతసేపు మాట్లాడి ఏళ్ళయిందని.

మరుసటి వారం అదే టీచరమ్మ ఇంకో తరగతిని తీసుకొచ్చింది. ఈసారి బస్సు బురదలో దిగలేదు, వాళ్ళే దిగారు. ఆ తర్వాత సెలవు రోజుల్లో కుటుంబాలు రావడం మొదలైంది. పిల్లల్ని చక్రం దగ్గర వదిలి, పెద్దవాళ్ళు ఉయ్యాలలు కావాలనీ, బట్టలారేసే తాళ్ళు కావాలనీ అడిగేవాళ్ళు. చక్రమ్మ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆయన మాత్రం పంటి బిగువున ఓర్చుకుంటున్నాడు.

ఒకరోజు అన్నం దగ్గర బయటపడ్డాడు. "ఇది పని చేసుకునే చోటు. నేను వెనక్కి నడుస్తుంటే కాళ్ళ కింద పిల్లలు. నాకేమైనా వీపు మీద కళ్ళున్నాయా?"

"గోడవార బెంచీలు వేద్దామండీ. మీరు నడుస్తున్నంతసేపూ ఎవరూ లేవకుండా నేను చూసుకుంటాను."

"మరి ఆ అమ్మకాల గోల?"

"అవతలి చివర ఖాళీగానే ఉంది కదా. అక్కడ చిన్న దుకాణం పెట్టుకుంటాను."

ఆయన చాలాసేపు అన్నం కలిపాడు. "మా నాన్న ఈ శాలలో తీసిన అన్నిటికన్నా పొడుగు దారం రెండువందల అరవై అడుగులు. అంతవరకూ నా దారి నాకు వదిలెయ్. ఆ పైన నీ ఇష్టం."

దువ్వెనక్క మజ్జిగ పోసుకుంటూ, "పెళ్ళైన ముప్ఫై ఏళ్ళకు మొగుడు ఆస్తి రాసిచ్చాడు, గోడవార ముక్క" అంది.

మర్నాడు తెల్లవారగానే చక్రమ్మ చక్రం దగ్గర నిలబడి, కొంగు దోపుకుని, నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. రెండువందల అరవై దగ్గర సుద్దతో గీత గీసింది. గీత అవతల ఉన్న గుంజలు ఆరు. అక్కడికి దారం ఎప్పుడో గానీ రాదు కదా అని ఆ ఆరింటినీ పీకించి, దగ్గరగా పాతించి, పైన బల్ల వేయించింది. దూలానికి ఉయ్యాలలు వేలాడదీసింది. బల్ల మీద గంతుల తాళ్ళు, బుట్టలు, కుక్కల పట్టీలు పెట్టింది. ఆయన వచ్చి చూశాడు.

"కొలిచావా?"

"కొలిచాను."

"రెండువందల అరవై?"

"లెక్క తప్పితే అడగండి."

ఆయన తలూపాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు, నూటయాభై అడుగులు దాటే దారం ఎవరూ అడగలేదు.

ఎండాకాలం వెళ్తుండగా, ఒక సాయంత్రం, బల్లకట్టు సరంగు పరుగున వచ్చాడు. ఈ మనిషి శాలకు పాత చుట్టం లాంటివాడు. నది మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కట్టి ఉంటుంది. ఆ మోకు పట్టుకుని లాగుతూ మనుషుల్నీ సామాన్లనూ బల్లకట్టు మీద దాటిస్తాడు.

"బావా, మోకు తెగేటట్టుంది. బల్లకట్టు ఆపేశాను. రెండు గట్ల మీదా జనం కూర్చుని నన్ను తిట్టిపోస్తున్నారు. మీ నాన్న పేనిచ్చిన మోకు ఇరవై ఏళ్ళు మోసింది. అలాంటిదే కావాలి. ముడి లేకుండా, ఒకటే మోకు."

"ప్లాస్టిక్‌ది కొనుక్కోలేకపోయావా?" అంది దువ్వెనక్క.

"కొన్నాను అక్కా. తడిస్తే చేతిలో నిలవదు. మొన్న నేనే జారి నీళ్ళలో పడ్డాను. జనం ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టారు."

ఆయన లేచి నిలబడ్డాడు. నడుం వంగిన మనిషి ఒక్కసారిగా పొడుగైనట్టనిపించింది. "రేపు పొద్దున్నే మొదలుపెడతాను. డెబ్బై రెండు దారాలు. ఒక్కోటీ రెండువందల అరవై అడుగులు."

సరంగు వెళ్ళాక చక్రమ్మ నెమ్మదిగా అంది. "రేపు టీచరమ్మ బస్సు వస్తానంది. వారం కిందటే మాట ఇచ్చేశాను."

ఆయన ఆమెవైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"ఆ మోకు పట్టుకుని మనుషులు నది దాటుతారు. దారం తీస్తుండగా ఎక్కడైనా ఆగితే అక్కడ సన్నబడుతుంది. సన్నబడ్డ చోటే తెగుతుంది. నాలుగేళ్ళ పిల్లలు ఎక్కుతారు దాని మీద. రానీ నీ బస్సును. కానీ రేపు వాళ్ళ మూలంగా నా దారం ఒక్కచోట ఆగిందా, ఎల్లుండి నుంచి ఈ తలుపు వాళ్ళకు మూసేస్తాను. మళ్ళీ అడగొద్దు."

ఆమె అడగలేదు. ఆయన ఒకమాటు అన్నాడంటే అంతే. ఆ రాత్రి పడుకోబోయే ముందు శాల మొత్తం ఊడ్చింది. బెంచీలు గోడకు ఆనించింది. దారిలో పుల్లముక్క కూడా లేకుండా ఏరింది. ఆ తలుపు మూసుకుంటే మళ్ళీ యాభై, వందలతోనే బతకాలని ఆమెకు తెలుసు.

పొద్దున బస్సు దిగిన పిల్లలకు ఆమె గుమ్మంలోనే చెప్పింది. "ఇవాళ మామయ్య పెద్ద మోకు మొదలుపెడుతున్నాడు. ఎవరూ లేవకూడదు, ఎవరూ మాట్లాడకూడదు." పిల్లలతోపాటు, సెలవని వచ్చిన రెండు కుటుంబాలూ, ఒక ముసలాయనా బెంచీల మీద సర్దుకున్నారు. డ్రైవరు దుకాణం పక్కన నిలబడ్డాడు.

ఆయన నార నడుముకు చుట్టుకున్నాడు. కొస కొక్కేనికి తగిలించాడు. చక్రమ్మ తిప్పడం మొదలుపెట్టింది. దారం సాగింది. ఒక్కో అడుగుకూ ఆయనకు రెండు ఊపిరులు పడతాయి. ఒక్కో గుంజా దాటుతున్నాడు.

"యాభై."

"వంద."

పిల్లలు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకుని చూస్తున్నారు. అంతమంది ఉన్న చోట చక్రం కిర్రుమనడం తప్ప చప్పుడు లేదు.

"నూటయాభై." ఇది వినిపించినప్పుడు చక్రమ్మ గర్వంగా వదిన వైపు చూసింది. వదిన దువ్వుతూనే తలాడించింది.

"రెండొందలు."

చక్రమ్మ తలెత్తి దూరంగా చూసింది. ఆయన బొటనవేలంత ఉన్నాడు. ఆయన వీపు వెనకాల, పట్టుమని పదిహేను అడుగుల దూరంలో, ఉయ్యాలలు వేలాడుతున్నాయి.

ఇంకా అరవై అడుగులు పోవాలి కదా ఆయన. దుకాణం అక్కడుండకూడదు కదా. తను కొలిచింది కదా. ఒకటి, రెండు, మూడు, తప్పకుండా కొలిచింది. అప్పుడు తన పాదాల వైపు చూసుకుంది.

"ఏమే, మొహం అలా సున్నం కొట్టినట్టయింది?" అంది దువ్వెనక్క.

"వదినా, నా అడుగులు."

"నీ అడుగులకేమైంది?"

"నా అడుగులతో కొలిచాను."

దువ్వెనక్క చేతిలో నార ఆగిపోయింది. చూడగా చూడగా ఆవిడకూ అర్థమైంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవబోయి మళ్ళీ కూలబడింది. చక్రమ్మ కదలడానికి లేదు. చక్రం ఆగితే దారం ఆగినట్టే. అరవడానికీ లేదు. అరిస్తే ఆయన ఆగుతాడు. ఆమె ఒక చేత్తో తిప్పుతూనే రెండో చేత్తో దగ్గర్లో ఉన్న టీచరమ్మను పిలిచింది. చెవిలో నాలుగు ముక్కలు చెప్పింది.

టీచరమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడవార ఉత్త కాళ్ళతో పరిగెత్తింది. నలభై మంది పిల్లల్ని నోరు మెదపకుండా కంటిచూపుతో నడిపించడం ఆమెకు రోజూ ఉన్న పనే. వేలెత్తి చూపించింది, అంతే. దుకాణం పక్కన సరుకు లోపలికి తెచ్చుకునే వెడల్పాటి తలుపు ఉంది. ఆ తలుపు దాకా పిల్లలు వరసకట్టారు. బుట్టలు చేతి నుంచి చేతికి బయటికి పోయాయి. గంతుల తాళ్ళు పోయాయి. కుక్కల పట్టీలు పోయాయి. ముసలాయన బెంచీ ఎక్కి ఉయ్యాలల కొక్కేలు ఊడదీశాడు. ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన వెనక్కి వస్తూనే ఉన్నాడు.

బల్ల మిగిలింది. కాళ్ళు నేలలో పాతి ఉన్నాయి. డ్రైవరూ, ఇద్దరు తండ్రులూ వాటిని ఊపి ఊపి, ఒక్కోటీ పీకారు. బల్లను అలాగే ఎత్తుకుని పక్కకు తప్పుకునేసరికి, చివరి గుంజ ఒకటి బల్ల నుంచి ఊడి డ్రైవరు చేతిలో మిగిలిపోయింది. వెనక్కి వస్తున్న ఆయన మడమ, గుంజ లేచిన గోతి పక్కనే పడింది. ఇంకో అడుగు వెనక్కేశాడు. ఏమీ తెలియలేదు.

చక్రమ్మ ఊపిరి వదిలింది. వదిలిన ఊపిరి మళ్ళీ పీల్చకముందే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

అక్కడ ఆయన అలవాటుగా దారం ఎత్తి పక్కన గుంజ మీదకు పడేశాడు. గుంజ లేదు. దారం జారింది. ఆయన చేత్తో గాలిలో తడిమాడు.

"గుంజేదీ?" అన్నాడు. కాళ్ళు మాత్రం ఆగలేదు.

దారం నెమ్మదిగా కిందికి వంగుతోంది. మొదటి తాకిడికే మట్టి అంటుకుంటే ఇక ఆ దారం పనికిరాదు. డ్రైవరు చేతిలో గుంజ ఉంది. ఒక్క అంగలో వచ్చి, దాన్ని నిలువుగా పట్టుకుని దారం కిందికి చేర్చాడు.

"ఇదిగోనండి గుంజ."

ఆయన మెడ తిప్పలేదు. "నువ్వెవరు?"

"డ్రైవర్నండి."

"కదలకు" అని, ఇంకో అడుగు వెనక్కేశాడు. నాలుగడుగుల తర్వాత, "ఇక్కడో?" అన్నాడు.

ఈసారి చేతికర్ర ఎత్తిపెట్టి ముసలాయన నిలబడ్డాడు. ఆ తర్వాత టీచరమ్మ, చూపుడువేలూ మధ్యవేలూ పంగలా చాచి చెయ్యి పైకెత్తింది. దారం ఆ పంగలో కూర్చుంది. అది చూసి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నిలబడడం మొదలుపెట్టారు. పొట్టివాళ్ళు బెంచీలెక్కారు. ఆయన దాటుతూ దాటుతూ, "చెయ్యి ఇంకాస్త పైకి", "నువ్వు నవ్వకు, దారం ఊగుతుంది", "బాగుంది" అని ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెబుతున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన అన్ని మాటలు వరసగా ఆడడం చక్రమ్మ వినలేదు. దూరం వల్ల సగమే వినిపించాయి గానీ, ఆ సగమే చాలా ఎక్కువ.

"రెండువందల అరవై."

కొస కట్టేశాడు. చక్రం ఆగింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. దుకాణం లేదు. గోడ ఉంది. మళ్ళీ ఇటు తిరిగాడు. సుద్దగీత ఆయనకు నలభై అయిదు అడుగుల ముందు, మనుషుల కాళ్ళ మధ్య కనబడుతోంది. గీత నుంచి గోడ దాకా మనుషులు వేళ్ళు చాచి నిలబడి ఉన్నారు, కళ్ళు కూడా ఆర్పకుండా.

దారం మీద రెండు వేళ్ళు ఆనించి, చక్రం వైపు నడవడం మొదలుపెట్టాడు. సన్నబడ్డ చోటు ఉందేమోనని మొదటినుంచి చివరి దాకా తడుముతూ వస్తున్నాడు. చక్రమ్మ పిడి వదల్లేదు. బొటనవేలంత మనిషి అరచేయంత అయ్యాడు, జానెడయ్యాడు, మూరెడయ్యాడు. మధ్యలో ఒకచోట వేళ్ళు ఆగాయి. ఆమె ప్రాణం అక్కడే ఆగింది. ఆయన నారపీచు ఒకటి తీసి పారేసి, మళ్ళీ కదిలాడు.

చక్రం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కొలిచానన్నావు."

"కొలిచానండీ. నా అడుగులతో కొలిచాను."

ఆయన ఆమె పాదాల వైపు చూశాడు, తన పాదాల వైపు చూశాడు. ముందుగా నవ్వింది దువ్వెనక్క. నార వదిలేసి, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేట్టు నవ్వింది. "నిచ్చెన నడిచే దారిని పీటతో కొలిచారమ్మా ఈ ఇంట్లో. ఎనిమిది నెలలు ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు."

ఆయన నవ్వలేదు గానీ మీసం కదిలింది.

"దారం ఆగలేదు" అన్నాడు.

చక్రమ్మకు ఆ మాట చాలు. కానీ ఆయన అక్కడితో ఆపలేదు. గొంతెత్తి, అవతలి చివరికి కేకేశాడు. "డ్రైవరు బాబూ, బస్సు ఎన్నింటికి వెళ్ళాలి?"

"నాలుగింటికండీ."

"అయితే ఇంకో పది దారాలు తియ్యొచ్చు. ఎవరి చోట్లో వాళ్ళు ఉండండి. చెయ్యి నొప్పెడితే పక్కవాళ్ళకు మార్చుకోండి. కూర్చోవద్దు."

"ఒరేయ్ తమ్ముడూ" అంది దువ్వెనక్క, "ఆరు గుంజలు మళ్ళీ పాతడం గంట పని. ఈ పిల్లలందర్నీ నిలబెట్టడం ఎందుకురా?"

ఆయనకు వినిపించలేదు. వినిపించనట్టు నార నడుముకు చుట్టుకుంటున్నాడు.

ఆ రోజు పదకొండు దారాలయ్యాయి. మర్నాడు టీచరమ్మ ఇంకో బస్సు నింపుకొచ్చింది. మూడో రోజు నది గట్టున కూర్చుని సరంగును తిట్టే జనం, ఊరికే తిట్టడం దేనికని ఇక్కడికే నడిచొచ్చి వరసలో నిలబడ్డారు. సరంగు కూడా నిలబడ్డాడు. "నువ్వు వంకర గుంజవి" అని ఆయన సరంగును మూడుసార్లు సరిచేశాడు. మోకు పూర్తయ్యాక తొంభై మంది దాన్ని భుజాల మీద మోసుకుంటూ నది దాకా వెళ్ళారు. ముందు మనిషి మలుపు తిరిగి కనబడకుండా పోయినా, వెనక మనిషి ఇంకా శాల గుమ్మంలోనే ఉన్నాడు. ఆ మోకు పందొమ్మిదేళ్ళు పనిచేసింది.

మొదటి రోజు తొందరలో సామాన్లు ఎక్కడ దింపారో దుకాణం అక్కడే ఉండిపోయింది. పెరట్లో, పక్క తలుపు ఎదురుగా. ముందు బల్ల మీద పందిరి వేశారు, తర్వాత గోడలు లేచాయి, తర్వాత కిటికీ. దుకాణం కాస్త వంకరగా ఎందుకుందని అడుగుతారు చాలామంది. పరుగెత్తేటప్పుడు బల్లను ఎవరైనా తిన్నగా పెడతారా?

ఆ ఆరు గుంజలూ మాత్రం మళ్ళీ పాతలేదు. ఒక వారం బస్సు రాలేదు. ఆయన మూడుసార్లు గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు వైపు చూసి వచ్చి, నార చుట్టుకోకుండానే చక్రం దగ్గర నిలబడ్డాడు.

"ఏమే, ఇవాళ గుంజలు రాలేదేం?"

"మీకు రెండువందల అడుగులు చాలు కదండీ ఇవాళ" అంది చక్రమ్మ.

"చాలు" అన్నాడు ఆయన. చక్రం పిడి సర్దుతూ, "పొడుగుది ఒకటి తీద్దామనుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు దారం తీసేది సరంగు కూతురు. ఆమె అడుగులు నా అడుగులకూ ఆయన అడుగులకూ మధ్యన పడతాయి. మీరు వస్తే చివరి నలభై అయిదు అడుగుల్లో మీ చోటు ఉంటుంది. వేళ్ళు ఎలా చాచాలో దువ్వెనక్క చూపిస్తుంది. ఆవిడ ఏమైనా అంటే మనసులో పెట్టుకోకండి.

చక్రమ్మ, డెబ్బై మూడేళ్ళు. ఉండేది దుకాణం కిటికీకి ఎదురుగా ఉన్న రెండు గదుల ఇంట్లో, వదినతో.